చీటీ మీద రెండు అబద్ధాలు

చిరంజీవి అబ్బాయికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. నువ్వు కూడా క్షేమమని తలుస్తాను అని ప్రతిసారీ రాసేవాణ్ణి, ఈసారి రాయడం లేదు. నువ్వు క్షేమంగా లేవు. ఆ సంగతి నాకు తెలుసు. ఎలా తెలుసో చెబుతాను, తొందరపడకు. ముందు కూర్చో. కాలు నిలవకపోతే పచార్లు చేస్తూనే చదువు, కానీ చివరిదాకా చదువు.

ఫోన్ చెయ్యొచ్చుగా అనకు. మొన్న మూడుసార్లు చేశాను. మొదటిసారి ఎడిటింగ్ రూములో ఉన్నానన్నావు. రెండోసారి నేను నోరు తెరిచేలోగా నువ్వే పావుగంట గుక్క తిప్పుకోకుండా మాట్లాడి పెట్టేశావు. మూడోసారి ఎత్తలేదు. పైగా నా నోరు ఎలాంటిదో నీకు తెలుసు. రెండో మాటకే అరుస్తాను, నువ్వు ఠపీమని పెట్టేస్తావు, ఇద్దరం వారం రోజులు మూతులు ముడుచుకుని కూర్చుంటాం. కాగితం అయితే ఆ గొడవ లేదు. చింపేస్తావా, చింపు. మళ్ళీ రాస్తాను, నాకేం చేతులు పడిపోలేదు.

నీ ఉత్తరం అందింది. పద్నాలుగు పేజీలు, రెండు వైపులా. హాస్టల్లో ఉన్నప్పుడు కార్డు ముక్కలో సగం నింపడానికి ప్రాణం పోయేది నీకు. మీ అమ్మ మురిసిపోయింది, ఎంత ఓపిగ్గా రాశాడో నా తండ్రి అని. కళ్ళజోడు తుడుచుకుని మరీ రెండుసార్లు చదివింది. యూనిఫారాలు కుట్టే చోట తన పక్క మిషన్ల వాళ్ళకి కూడా వినిపించిందట. నాకు మాత్రం మూడో పేజీకే అనుమానం వచ్చింది. మిక్సీ విప్పి మళ్ళీ బిగించిన వైనం నాలుగు పేజీలు రాశావు. ఏ మర వెనక ఏ మర ఉందో బొమ్మలేశావు. అక్షరాలు చీమ తలకాయలంత, మార్జిన్లలో కూడా. అలాంటి చేతిరాత నేను ఇదివరకు చూశాను. ఎక్కడ చూశానో తర్వాత చెబుతాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు రాసేస్తాను, లేకపోతే నాన్న తన గోలే గానీ నా మాట పట్టించుకోడంటావు.

మీ అమ్మ మోకాలు పర్వాలేదు. మిషను తొక్కొద్దన్నారని దానికి మోటారు పెట్టించుకుంది. ఇప్పుడు మోకాలు బాగుంది, మోటారు మూలుగుతోంది. మా ల్యాబ్‌కి కొత్త స్కానర్ వచ్చిన మాట నిజమే. పళ్ళ మోడల్ లోపల పెడితే తెర మీద గిర్రున తిప్పి చూపిస్తుంది. దాన్ని నడిపే అమ్మాయికి పాతికేళ్ళు కూడా లేవు, నన్ను సార్ సార్ అంటూనే నా తప్పులు పడుతుంది. నా పని పోతుందేమోనని రాశావు, పోదు. పన్ను రంగు కుదర్చడం ఇంకా నా కంటికే వదిలేశారు. కట్టుడు పళ్ళు కూడా నేనే చేస్తున్నాను, నా నోట్లో ఉన్నవాటితో సహా.

పైవాటాలో ఉండే ఆవిడ నేలకి చెవి పెట్టి నీ మాటలు వింటోందని రాశావు. నువ్వు బాత్రూముకి వెళ్ళినప్పుడల్లా ఆవిడా కుళాయి తిప్పుతోందన్నావు. ఏం చెయ్యమంటావు నాన్నా అని అడిగావు. ఒరేయ్, ఆవిడకి నీ మాటలతో ఏం పని? ఒంటరిగా ఉండేవాడివి, నువ్వు మాట్లాడేది ఎవరితో అసలు? ఎవరూ వినడం లేదు. ఎవరూ నిన్ను కనిపెట్టి చూడటం లేదు. ఆవిడ చేతులు కడుక్కుంటోంది. ఆవిడ వినకుండా బాత్రూము వెంటిలేటర్‌కి అంటించానన్న ఆ అట్టముక్క తీసెయ్, కాస్త గాలైనా ఆడుతుంది.

ఇంకో ప్రశ్న కూడా అడిగావు, పదమూడో పేజీ చివర, మాటవరసకి అడిగినట్టు. దానికి జవాబు ఉంది. అదీ తర్వాతే.

ఇక నా సంగతికి వస్తాను. నాలుగు నెలల కింద ఒక పళ్ళ క్లినిక్ మా ల్యాబ్‌కి కొత్తగా పని పంపడం మొదలెట్టింది. వాళ్ళు చేయించుకునే ల్యాబ్ మూతపడిందట. నోట్లో తీసిన పళ్ళ అచ్చులు డబ్బాల్లో పెట్టి పార్సిల్లో పంపుతారు. మనిషి పేరుండదు. ఒక నంబరు, వయసు, ఆడో మగో, ఏం చెయ్యాలో రాసిన చీటీ, అంతే. ఏ ఊరి క్లినిక్ అని నేను పట్టించుకోలేదు. నాకు ఊళ్ళతో పనేముంది, పళ్ళతో పని.

కిందటి నెల ఒక డబ్బా వచ్చింది. నంబరు ముప్పైమూడు పదహారు. మగ, ఇరవై ఏడేళ్ళు. చేయాల్సినవి రెండు. పళ్ళు నూరుకోకుండా పడుకునేటప్పుడు పెట్టుకునే తొడుగు ఒకటి, విరిగిన ముందుపన్నుకి క్యాప్ ఒకటి. అచ్చులో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక ఊడదీసి చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. వెనక పళ్ళు పలకల్లా చదునుగా ఉన్నాయి. గట్లూ గుంటలూ ఏమీ లేవు. అరవై డెబ్భై ఏళ్ళు నమిలిన పళ్ళు అలా ఉంటాయి గానీ ఇరవై ఏడేళ్ళ వాడికెలా ఉంటాయి? అచ్చు తీసేటప్పుడు ట్రే కదిలి ఉంటుంది, లేదా ఎవడో ముసలాయన అచ్చు మీద ఈ నంబరు వేసి ఉంటారు అనుకున్నాను. క్లినిక్‌కి ఫోన్ చేసి ఆ డాక్టరమ్మని కడిగేశాను. అచ్చు తియ్యడం కూడా చేతకాకుండా బోర్డు ఎలా పెట్టారండీ అన్నాను. ఆవిడ మర్యాదస్తురాలు కాబట్టి మనిషిని మళ్ళీ పిలిపించి ఇంకోటి తీసి పంపిస్తానంది. నేను ఆ మోడల్‌ని చెత్తబుట్టలోకి గిరాటేశాను.

రెండో అచ్చు సోమవారం వచ్చింది. అదే చదును. వెతుకుతున్నట్టు అటూ ఇటూ తిప్పాను. కింది వరసలో ఒక పన్ను, తలుపు ఓరగా తీసి పెట్టినట్టు, పక్కకి తిరిగి ఉంది. ముప్పై రెండేళ్ళుగా రోజూ చూస్తున్న పన్ను అది, మీ అమ్మ నోట్లో. పై వరసలో కుడి ముందుపన్ను మూల ఏటవాలుగా విరిగి ఉంది. ఆ విరుపు కూడా నాకు తెలుసు. అప్పుడు చీటీ తిరగేసి, క్లినిక్ ఏ ఊళ్ళో ఉందో మొదటిసారి చూశాను. స్కానర్ అమ్మాయి వచ్చి నంబరు తప్పా సార్ అని అడిగింది. కాదమ్మా, నంబరు సరిగ్గానే ఉంది అన్నాను.

సొంత కొడుకు పళ్ళు పట్టుకుని, ఎవడో ముసలాయనవి అని చెత్తబుట్టలో పడేశానురా నేను. ఆ రోజంతా ఇంకే పనీ చెయ్యలేకపోయాను.

చీటీ అడుగున డాక్టరమ్మ నాలుగు వరసలు రాసింది. పళ్ళు నూరుకోవడం: పని ఒత్తిడి వల్ల కావచ్చు. ముందుపన్ను: చిన్నప్పుడు స్టూల్ మీంచి పడి విరిగింది. వాడుతున్న మందులు: ఏమీ లేవు. మళ్ళీ రావలసింది: బుధవారం పదకొండింటికి.

వాడుతున్న మందులు ఏమీ లేవట! ఎవరి చెవుల్లో పువ్వులు పెడుతున్నావురా? నాకా? పని ఒత్తిడికి నూరుకున్న పళ్ళు వందల్లో చూశాను. ఇంత చిన్న వయసులో ఇంతలా అరిగేలా నూరుకోవాలంటే దవడలకి పగలూ రాత్రీ తేడా తెలియకూడదు. చిగుళ్ళ అంచుల వెంట పుచ్చు పట్టింది చూడు, అది నోరు ఎండిపోయే వాళ్ళకి పడుతుంది. లాలాజలం లేని నోరు, తిండి లేని ఒళ్ళు. కిందటి నెల పంపిన ఫొటోలో చొక్కా నీకు తొడిగినట్టు లేదు, హాంగర్‌కి తగిలించినట్టుంది. మీ అమ్మేమో బొజ్జ తగ్గించాడని సంబరపడింది. ఆ ఫొటో, ఆ పద్నాలుగు పేజీలు, ఆ మిక్సీ మరలు, ఆ పైవాటా ఆవిడ, ఫోన్‌లో ఆ గుక్క తిప్పుకోని మాటలు. ఇవన్నీ ఒకే బిళ్ళ చేసే పనులు.

మీ ఎడిటింగ్ రూములో దానికి ఏం పేరు పెట్టుకున్నారో నాకు తెలియదు. సీరియల్ ఎపిసోడ్ సాయంత్రానికి వెళ్ళిపోవాలి, రేపటిది రెడీ కావాలి, పక్క కుర్చీ వాడు నవ్వుతూ అర బిళ్ళ తుంచి ఇచ్చి ఉంటాడు. ముద్దుపేరు ఏదైనా లోపల మందు ఒకటే, యాంఫెటమిన్. మందే, కాదనను. ఏకాగ్రత నిలవని జబ్బు ఉన్నవాళ్ళకి డాక్టరు పరీక్ష చేసి, తూచి ఇస్తాడు, బీపీ చూస్తాడు, గుండె చూస్తాడు, తేడా వస్తే మారుస్తాడు. నీకెవడిచ్చాడు? బీపీ ఎవడు చూశాడు? మొదట అర బిళ్ళ సరిపోయి ఉంటుంది. ఆరు వారాలకి ఒకటి. తర్వాత రెండు. ఇప్పుడు అది వేసుకుంటే హుషారు రావడం లేదు, వేసుకోకపోతే మంచం దిగడం లేదు, అవునా? లెక్క తప్పితే చెప్పు.

మహా తెలివైనవాణ్ణనుకుంటున్నావు. తెలివి తెల్లారినట్టే ఉంది. నిద్రని జయించాననుకుంటున్నావు కదా? నిద్ర ఎక్కడికీ పోదు, వాకిట్లో కూర్చుని ఉంటుంది. నువ్వు తలుపు తీసిన రోజున మొత్తం ఒక్కసారే లోపలికొస్తుంది. ఈలోగా నువ్వు చూసేవాటిని, వినేవాటిని నువ్వే నమ్మలేని రోజు వస్తుంది. నీకు వచ్చేసింది కూడా, ఆ అట్టముక్క అదే.

ఇప్పుడు పదమూడో పేజీ ప్రశ్న. మన ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉందా నాన్నా అని అడిగావు. ఎందుకడిగావో నాకు అర్థమైంది. కూర్చున్న చోటే గుండె దడదడలాడుతోంది. ఒక్కోసారి ఒక కొట్టుకోవడం తప్పిపోయినట్టు, తర్వాతది రెండింతలు గట్టిగా కొట్టినట్టు ఉంటోంది. మెట్లెక్కుతుంటే ఎడమవైపు పట్టేస్తోంది. అంతేనా?

ఉంది. నాకుంది. నీకు బీపీ బిళ్ళలని చెప్పి పొద్దున్నే వేసుకునేవాటిలో రెండు గుండెకి. గుండె కండ సాగిపోయి నీరసపడింది. వంశంలో వచ్చింది కాదు, కోరి తెచ్చుకున్నది. నా పళ్ళు కూడా నలభై ఐదేళ్ళకే పోయాయి, షుగర్ వల్లనని నీకు చెప్పాను. నాకు షుగర్ లేదు, ఎప్పుడూ లేదు. మీ అమ్మ చేసిన కాఫీలో రెండు చెంచాలు వేసుకుని తాగుతుంటే నీకు అనుమానమైనా రాలేదేమిటా అని నేనే ఆశ్చర్యపోయేవాణ్ణి.

అర్థమైంది కదా. ఆ చేతిరాత నేను ఎక్కడ చూశానంటే, నా చేతిలో చూశాను. నావి పదకొండు నోటుబుక్కులు నిండాయి. కట్టుడు పళ్ళు త్వరగా చేసే పద్ధతి ఒకటి కనిపెట్టానని, ప్రపంచంలో అది ఎవడికీ తెలియదని రాసుకున్నాను. మానేశాక చదివితే ఒక్క పేజీలో కూడా పనికొచ్చే మాట లేదు.

నీకప్పుడు ఐదేళ్ళు. ల్యాబ్‌కి పెద్ద ఆర్డరొచ్చింది, ఎవరో ముసలివాళ్ళకి ఉచితంగా పళ్ళు కట్టించే క్యాంపు పెట్టారు. నలభై రోజుల్లో తొమ్మిది వందల సెట్లు కావాలి. పాలిష్ బాబాయి గుర్తున్నాడా? చక్రం దగ్గర కూర్చుని పళ్ళకి మెరుపు పెట్టేవాడు, నీ గోళ్ళకి కూడా మెరుపు పెట్టి పంపేవాడు. ఆయనే తెచ్చాడు మొదటి బిళ్ళ. చెడ్డవాడు కాదు. నా కళ్ళు మూతలు పడుతుంటే జాలిపడి ఇచ్చాడు. రెండు వేళ్ళతో పట్టుకుని, ప్రసాదం ఇచ్చినంత భక్తిగా ఇచ్చాడు. ఆ నలభై రోజులూ మేమిద్దరం రాజుల్లా పనిచేశాం. ఆర్డరు అయిపోయింది గానీ బిళ్ళ అయిపోలేదు.

బాబాయి వడదెబ్బ తగిలి పోయాడని నీకు చెప్పాం. మధ్యాహ్నం రెండింటికి, చక్రం తిరుగుతుండగానే, తల పగిలిపోతోంది అన్నాడు. నీళ్ళు తెచ్చేలోగా మాట ముద్దయింది, మూతి ఒక పక్కకి పోయింది. బీపీ పెరిగి మెదడులో నరం చిట్లిందన్నారు ఆసుపత్రిలో. నలభై ఒక్క ఏళ్ళు. ఆయన చేతిలో ఉన్న పళ్ళ సెట్టు మాత్రం ఎక్కడా గీత పడకుండా ఉంది. నేను ఏం చేశానో తెలుసా? ఆయన్ని కాటికి సాగనంపి వచ్చి, మిగిలిన పని పూర్తి చెయ్యాలని ఇంకో బిళ్ళ వేసుకున్నాను. అది నన్ను అంతలా తన పాలేరుని చేసుకుంది.

ఇప్పుడు వచ్చే బుధవారం సంగతి విను, ఇది అన్నిటికంటే ముఖ్యం. క్యాప్ పెట్టాలంటే ముందు పన్ను అరగదీయాలి. అరగదీయాలంటే చిగుళ్ళకి మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. ఆ ఇంజెక్షన్‌లో మామూలుగా గుండె వేగం పెంచే మందు కూడా కాస్త కలిపి ఉంటుంది, మత్తు ఎక్కువసేపు నిలవడానికి. మామూలు మనిషికి ఏమీ కాదు. ఒంట్లో ఈ బిళ్ళ ఉన్నవాడికి బీపీ ఎగదన్నొచ్చు, గుండె లయ తప్పొచ్చు. అందుకే వాడుతున్న మందులేమిటి అని అడుగుతారు. ఊసుపోక అడగరు. నువ్వు ఏమీ లేవని చెప్పి ఆ కుర్చీలో కూర్చుంటే, ఆవిడ పాపం నిన్ను నమ్మి సూది గుచ్చుతుంది. ఇప్పటికే దడదడలాడుతున్న గుండె అది. ఆవిడకి నిజం తెలిస్తే ఆ రోజు ఇంజెక్షన్ ఇవ్వదు, ముందు గుండె డాక్టరు దగ్గరకి పంపుతుంది. పంటికి తొందరేమీ లేదు. పంతొమ్మిదేళ్ళు ఆగింది, ఇంకో నెల ఆగుతుంది.

ఆ డాక్టరమ్మకి నేనే ఫోన్ చేసి చెప్పేద్దామని రెండుసార్లు నంబరు నొక్కి ఆపేశాను. నేను చెబితే అది నీ మీద చాడీ అవుతుంది. నువ్వు చెబితేనే వైద్యం మొదలవుతుంది. కానీ ఒకటి గుర్తుపెట్టుకో, బుధవారం పదకొండు కొట్టే లోపల నువ్వు చెప్పకపోతే, అక్కడే వరండాలో కూర్చుని ఉన్న నేను లేచి చెబుతాను. నీకు పరువు పోతుందా, పోనీ.

అవును, వస్తున్నాను. వచ్చే మంగళవారం పొద్దున్న బస్సుకి. మరి వచ్చేవాడివి ఈ రామాయణమంతా రాయడం ఎందుకంటావా? ఒక మాట ఉంది. అది నీ ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదు. నేను గుమ్మంలోకి వచ్చేసరికి నువ్వది చదివేసి ఉండాలి.

నువ్వు స్టూల్ మీంచి పడలేదు.

నీకప్పుడు ఎనిమిదేళ్ళు. నీకు గుర్తుందో, మేము చెప్పగా చెప్పగా ఆ కథే నమ్మావో, నేనెప్పుడూ అడగలేదు. ఆ ముందుపన్ను వచ్చి ఏడాదయింది, నోటికి మించి పెద్దగా ఉందని నిన్ను ఏడిపించేవాళ్ళం. ఆదివారం మధ్యాహ్నం, మీ అమ్మ బట్టలు ఆరేయడానికి మేడ మీదకెళ్ళింది. నేను ల్యాబ్ పని ఇంటికి తెచ్చుకుని ముందుగదిలో పరిచాను, పేపర్ల మీద ఇరవై నాలుగు సెట్లు, ఒక్కోదాని కింద నంబరు చీటీ. నేను నిద్రపోయి అప్పటికి మూడు రోజులు. లోపలికెళ్ళి వచ్చేసరికి నువ్వు వాటన్నిటినీ చీటీల మీంచి తీసి పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా వరసగా పేర్చావు. ఇది తాత నాన్నా, ఇది నాయనమ్మ, ఇది చిన్నపాప అని చూపిస్తున్నావు. నీ తప్పేమీ లేదు. నేను నీతో పద్ధతిగా మాట్లాడి ఎన్ని రోజులైందో, నాకు చూపించాలని చేశావు.

ప్లాస్టర్ కలిపే గరిటె నా చేతిలో ఉంది. ఇనుపది. దాంతో కొట్టాను.

ఇంతవరకైతే తండ్రి కోపమని సరిపెట్టుకోవచ్చు. తర్వాత జరిగింది ఇది. పన్ను ముక్క ఎగిరి నేల మీద పడింది. నేను వంగి తీశాను. వెలుతురుకి పట్టుకుని చూశాను. ఏ సెట్టులోంచి ఊడిందా అని ఇరవై నాలుగు సెట్లనీ ఒక్కొక్కటే తీసి ఆ ముక్క పెట్టి చూశాను. నువ్వు పక్కనే నిలబడి ఉన్నావు, నోట్లోంచి రక్తం కారుతూ, ఏడవడం కూడా లేదు, నన్నే చూస్తున్నావు. నేను పదిహేడో సెట్టు చూస్తున్నాను. ఇందులోదీ కాదు అని పైకే అనుకుంటున్నాను. మీ అమ్మ మేడ దిగి వచ్చి చూసేదాకా ఆ ముక్క నీ నోట్లోది అని నాకు తట్టలేదురా.

నీ మోడల్‌ని చెత్తలో పడేసినప్పుడు కూడా మళ్ళీ అదే పని చేశాను. రెండుసార్లూ పన్ను నా చేతిలోనే ఉంది, అది నీదని మాత్రం తెలియలేదు.

ఆ సాయంత్రమే మీ అమ్మ నిన్ను తీసుకుని మీ మేనమామ ఇంటికి వెళ్ళిపోయింది. అక్కడ బడి బాగుంటుందని నీకు చెప్పాం. బడి కాదు కారణం. మానినట్టు డాక్టరు చేత రాయించుకుని వస్తేనే తిరిగొస్తానంది. ఎనిమిది నెలలు పట్టింది. నేను ఆసుపత్రికెళ్ళి, మానసిక డాక్టరు ముందు కూర్చుని, ఒక్క మాట దాచకుండా చెప్పాను. సొంతంగా మానబోకు, నువ్వు కూడా. మానిన మొదటి మూడు రోజులూ చచ్చినట్టు నిద్ర. తర్వాత తిండి, ఎంత తిన్నా ఆకలి. మూడో వారంలో బతకడం దేనికి అనిపించింది. ఇలా అనిపిస్తుంది, అనిపించిన రోజున నా దగ్గరకి రా అని డాక్టరు ముందే చెప్పి ఉంచాడు కాబట్టి చెప్పుల్లేకుండా నడిచి వెళ్ళి ఆయన గది ముందు కూర్చున్నాను. నీకు అలా అనిపిస్తే మీ అమ్మకో నాకో చెప్పు, ఆ క్షణమే చెప్పు. మనసు మామూలు కావడానికి నెలలు పట్టింది. అయింది. నా మాట నమ్ము, అవుతుంది.

నీ మీద నాకు పీకలదాకా కోపం ఉంది. అందులో సగం నా మీదే, ఆ మాట ఒప్పుకుంటున్నాను. నీకు పద్దెనిమిదేళ్ళు వచ్చిన రోజునే కూర్చోబెట్టి ఇదంతా చెప్పాల్సింది. వడదెబ్బ, షుగరు, స్టూలు అంటూ మంచి నాన్నలా కనిపించడానికి పంతొమ్మిదేళ్ళు కథలల్లాను. ఆ బిళ్ళ నీ పక్క కుర్చీ వాడి చేతిలో చూసినప్పుడు, ఇది మా నాన్నని తినేసిందిరా అని నీకు తెలిసి ఉంటే నోట్లో వేసుకునేవాడివా? ఏమో, వేసుకునేవాడివేమో. కానీ తెలిసి వేసుకోవడం వేరు.

ఇదంతా రాసి మీ అమ్మకి చదివి వినిపించాను. అచ్చుల సంగతి ఆవిడకి అప్పుడే తెలిసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని ఒక్కటే మాట అంది: "స్టూల్ మాట అల్లింది నేను. మీరే మోసినట్టు రాయకండి, అది కూడా వాడికి చెప్పండి." చెప్పాను. మంగళవారం తనూ వస్తానంటోంది. మోకాలికి అన్ని గంటల బస్సు పడదన్నాను. మోకాలు నాది, కొడుకు కూడా నావాడే అంది.

క్యాప్ చేశాను. మామూలుగా పన్ను అరగదీశాక ఇంకో అచ్చు తీసి, అప్పుడు చేస్తారు. కానీ నా చేతులు ఊరుకోలేదు. మోడల్ మీద నేనే అంచనాగా అరగదీసి చేశాను. ఏడు పాడుచేసి ఎనిమిదోది కుదిరింది. కొలతకి ఆ పాత ముక్కనే వాడాను, నా బల్ల సొరుగులో సీసాలో ఉంచుకున్నాను ఇన్నాళ్ళూ. రంగు మాత్రం దాన్నిబట్టి తియ్యలేదు, ఎండిన పన్ను రంగు మారిపోతుంది. నీ పంటికి సరిగ్గా సరిపోవాలంటే నిన్ను పగటి వెలుతురులో, కిటికీ పక్కన కూర్చోబెట్టి చూడాలి. కాబట్టి ఇది ఇంకా పూర్తి కాలేదు. గుండె డాక్టరు సరే అన్న తర్వాతే పూర్తి చేస్తాను. అప్పటిదాకా విరిగిన పన్నుతోనే తిరుగు. తొడుగు మాత్రం తెస్తున్నాను, ఉన్న పళ్ళైనా మిగులుతాయి.

ఆ డబ్బాతో వచ్చిన చీటీ కూడా నా దగ్గరే ఉంది. బుధవారం దాన్ని తీసుకుని మనం వెళ్ళాలి. దాని మీద రెండు అబద్ధాలున్నాయి, ఒకటి నీది, ఒకటి నాది. నాది ఎర్ర పెన్నుతో కొట్టేశాను. స్టూల్ మీంచి పడి అన్న చోట, తండ్రి గరిటెతో కొట్టగా విరిగింది, ఆ రోజుల్లో తండ్రి యాంఫెటమిన్ బిళ్ళలు వాడేవాడు అని రాసి, కింద సంతకం పెట్టాను. దాని కింది వరస ముట్టుకోలేదు. వాడుతున్న మందులు ఏమీ లేవు అనే వరస అలాగే ఉంది. ఎర్ర పెన్ను నా జేబులో ఉంటుంది.

బస్సు దిగి నేరుగా మీ గదికే వస్తాం. తలుపు కొట్టేది మేమే, ఇంకెవరూ కాదు. భయపడకుండా తలుపు తియ్యి.

ఇట్లు,
ఆ ముక్క నీదని ఆలస్యంగా తెలుసుకున్న
మీ నాన్న